కడుపు నిండిన పిల్లి పిట్ట జోలికి ఎందుకు పోతుంది?

మా పిల్లి పేరు పిక్క. చింతపిక్క రంగులో ఉందని అమ్మ పెట్టిన పేరు. ఏప్రిల్ నెలలో ఒకరోజు పొద్దున్నే గిన్నెడు పాలన్నం నాకేసి, మూతి తుడుచుకుని, తీరిగ్గా పెరట్లోకి వెళ్ళింది. పది నిమిషాల్లో తిరిగొచ్చి గుమ్మం ముందు గోనెపట్టా మీద ఏదో వదిలింది. వంగి చూస్తే పికిలిపిట్ట పిల్ల. తోక ఇంకా సగమే వచ్చింది. నెత్తి మీద జుట్టు నిలబడే వయసు కూడా రాలేదు. పిక్క దాన్ని తినలేదు. పంజాతో ఒకసారి తట్టింది, కదలకపోయేసరికి నా మొహంలోకి చూసింది, పోయి మంచం కింద పడుకుంది.

"ఆకలేసి పట్టిందంటే సరే అనుకుందును. ఇప్పుడేగా మెక్కావు, పాపిష్టిదానా" అని అమ్మ దాన్ని తిట్టింది. గోడ అవతలి నుంచి పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) తొంగిచూసి, తన ఒడియా తెలుగులో "బిలెయి (పిల్లి) కదమ్మా, దాని బుద్ధి అంతే" అని తీర్పు చెప్పేసింది.

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. పిట్టలకు కూడా మాకు రెండేసి పేర్లు. పిచ్చుకను మావుసి ఘరచటియా అంటుంది, గోరువంకను బణి అంటుంది, చిలుకను సువా అంటుంది. మేడ మీద నిలబడి వచ్చేపోయే పిట్టలను నోటుబుక్కులో రాసుకోవడం నాకు ఆరేళ్ళ అలవాటు. పిక్క వచ్చి నాలుగేళ్ళయింది. ఈ రెండూ ఒక కొంపలో ఇమడవు, పిల్లిని ఎవరికైనా ఇచ్చెయ్యమని కొందరు సలహా ఇచ్చారు. అది ప్రకృతి, నువ్వు కలగజేసుకోకూడదని ఇంకొందరు చెప్పారు. రెండు మాటలూ వినడానికి బాగానే ఉన్నాయి. కానీ పట్టా మీద పిల్లను చూశాక నాకు వచ్చిన అనుమానాలకు రెండింట్లోనూ జవాబు లేదు. అందుకే కొంత చదివాను, మరికొంత మేడ మీద నుంచే చూసి తెలుసుకున్నాను.

ముందు అమ్మ అడిగిన ప్రశ్న తీసుకుందాం. పిల్లికి ఆకలి వేరు, వేట వేరు. రెండూ ఒకే తాడుకు కట్టినవి కావు. 1976లో రాబర్ట్ ఆడమెక్ అనే పరిశోధకుడు పిల్లులకు వాటికిష్టమైన తిండి పెట్టి, అవి తింటూ ఉండగానే ఎదురుగా ఎలుకను వదిలాడు. అవి తిండి మధ్యలో ఆపి వెళ్ళి ఎలుకను చంపాయి. తిరిగొచ్చి గిన్నెలో మిగిలింది తిన్నాయి. మన కంటికి ఇది దుర్మార్గంలా కనబడుతుంది గానీ, దీని వెనక కూటి లెక్క ఉంది. చిట్టెలుకలో ఉండే శక్తి సుమారు 30 కేలరీలు. నాలుగు కిలోల పిల్లి బతకాలంటే రోజుకు 200 నుంచి 250 దాకా కావాలి. అంటే ఎనిమిది ఎలుకలు పట్టాలి. పొంచిన ప్రతిసారీ ఎలుక దొరకదు, చాలాసార్లు తప్పించుకుపోతుంది. పెద్దపులి ఒక దుప్పిని పడితే నాలుగు రోజులు పడుకోవచ్చు. పిల్లికి ఆ భాగ్యం లేదు. ఆకలయ్యాక లేచి వేటకు పోదామనుకునే పిల్లి పస్తుతో పోతుంది. అవకాశం కనబడ్డ క్షణంలోనే దూకాలి, ఆకలి సంగతి తర్వాత చూసుకోవాలి. మనింటి పిల్లికి మూలమైన ఆఫ్రికా అడవిపిల్లి బతికింది ఇలాగే.

ఆ అడవిపిల్లి మన దగ్గరికి చేరింది కూడా ఈ గుణం వల్లనే. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లిని కూడా పూడ్చిన ఆనవాళ్ళు దొరికాయి. ధాన్యం ఉన్నచోట ఎలుక, ఎలుక ఉన్నచోట పిల్లి. కుక్కను మనిషి వందల రకాల పనులకు వంచి మార్చుకున్నాడు. పిల్లి జోలికి పెద్దగా పోలేదు, ఎలుకల్ని పడితే చాలనుకున్నాడు. మావుసి ఇంట్లో బియ్యం బస్తాల పక్కన పిక్క ఎలుకను పట్టిన రోజున ఆవిడే చేపముక్క తెచ్చి పెట్టింది. వారం తిరక్కుండా పికిలిపిట్టను పడితే దాని బుద్ధే అంత అంది. పాపం, పిక్కకు ఈ రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? చిన్నది, ఉన్నట్టుండి కదిలేది, ఆకుల్లో గరగరమనేది. దాని కంటికీ చెవికీ అవి రెండూ ఒకటే.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటాం. ఆ చెలగాటం కూడా మనం అనుకున్నంత చెలగాటం కాదు. ఎలుక కరుస్తుంది, పిట్ట కంట్లో పొడుస్తుంది. పిల్లి చంపేది మెడ వెనక కోరలు దింపి. అంటే మూతిని దగ్గరగా పెట్టాలి. అందుకని ముందు పంజాతో కొట్టి, వదిలి, మళ్ళీ కొట్టి, అవతలిది అలిసిపోయిందో లేదో చూసుకుంటుంది. బాగా ఆకలి మీదున్న పిల్లి ఇంతసేపు ఆడదు, త్వరగా చంపేస్తుంది. కడుపు నిండినదే ఎక్కువసేపు ఆడుతుంది. కిటికీ గ్రిల్ లోపల కూచుని బయటి గోరువంకను చూస్తూ పిక్క దవడలు టకటకలాడించి "క్క్క్క్" అంటుంది. అది ఎందుకో ఇప్పటికీ ఎవరూ గట్టిగా తేల్చలేదు. నాకు మాత్రం బస్సు తప్పిపోయినవాడి గొణుగుడులా వినిపిస్తుంది.

ఆకలి వేరు, వేట వేరు అన్నాను కదా. మరి తిండితో ఏ సంబంధమూ లేదా అంటే, ఉంది. కానీ ఎంత పెట్టామన్నది కాదు, ఏం పెట్టామన్నది. ఇంగ్లండ్ నైరుతి ప్రాంతంలో 219 ఇళ్ళలోని 355 పిల్లుల మీద జరిగిన పరిశోధన 2021లో వెలువడింది. మాంసం వంతు ఎక్కువగా ఉండే, ధాన్యం కలపని తిండి పెట్టిన ఇళ్ళలో పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజుకు ఐదు పది నిమిషాలు ఈకో బొమ్మో తాడుకు కట్టి ఆడించిన ఇళ్ళలో 25 శాతం తగ్గింది. తిండిని బొమ్మలో దాచి, పిల్లి కష్టపడి తీసుకునేలా పెట్టిన ఇళ్ళలో మాత్రం వేట 33 శాతం పెరిగింది. బహుశా పూర్తిగా తినలేక విసుగెత్తి బయటికి పోయాయేమో.

ఇది చదివి మా గిన్నె వైపు చూశాను. పాలన్నం. మన వైపు పిల్లి అంటే పాలన్నమే, బాగా గారాబం చేస్తే పెరుగన్నం. నిజానికి పిల్లి పక్కా మాంసాహారి. ముఖ్యంగా మాంసంలో, చేపల్లో దొరికే టారిన్ అనే పదార్థం దాని ఒంట్లో చాలినంత తయారు కాదు. అది లేకపోతే పిల్లి కంటిచూపు పోతుందని 1975లో తెలిసింది. గుండె కండరం బలహీనపడుతుందని 1987లో తెలిసింది. తీపి రుచి దానికి తెలియనే తెలియదు. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, కడుపు జారుతుంది. మనం గిన్నె నింపి కడుపు నింపామనుకుంటాం. దాని ఒంటికి కావలసింది ఆ గిన్నెలో ఉండదు. ఆ కొరత తీర్చుకోవడానికే ఎక్కువ వేటాడుతుందేమోనని ఆ పరిశోధకులు ఊహించారు.

గోపాలపూర్ రేవు నుంచి చేపలొచ్చే ఊళ్ళో పిల్లిని పాలన్నంతో పెంచడమేమిటని నాకే సిగ్గేసింది. ఇప్పుడు వారంలో మూడు నాలుగు రోజులు కవళ్ళు ఉడకబెట్టి ముళ్ళు తీసి పెడుతున్నాం. మిగతా రోజుల్లో కోడి గుండెకాయ, కార్జం కొంచెం, వాటికి తోడు కొట్లో కొన్న పిల్లుల తిండి. పచ్చి చేప రోజూ పెట్టకూడదు. కొన్ని రకాల చేపల్లో బి1 విటమిన్‌ను పాడుచేసే గుణం ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. ఎండు మెత్తళ్ళు పిక్కకు ప్రాణం. వాటిలో ఉప్పు ఎక్కువ కాబట్టి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, ఎప్పుడో ఒకటి ఇస్తాను.

పట్టా మీదికి వచ్చేది నాలుగో వంతు

పిక్క తెచ్చినవన్నీ ఒక ఏడాది పాటు రాశాను. బల్లులు, తొండలు ఎక్కువ. తర్వాత బొద్దింకలు, చిట్టెలుకలు. పిట్టలు మూడు: ఒక పికిలిపిట్ట పిల్ల, ఒక పిచ్చుక, ఒక తేనెపిట్ట. ఏడాదికి మూడే కదా అని కొంత ఊరట పడ్డాను. ఆ ఊరట ఎక్కువ రోజులు నిలవలేదు.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ పట్టణంలో 55 పెంపుడు పిల్లుల మెడకు చిన్న కెమెరాలు కట్టి చూశారు. వాటిలో 44 శాతం పిల్లులు వేటాడాయి. పట్టినవాటిలో ఇంటికి తెచ్చింది 23 శాతమే. సగం దాకా పట్టినచోటే వదిలేశాయి, మిగతావి తినేశాయి. అక్కడా ఎక్కువగా దొరికినవి బల్లుల జాతివే. అంటే మన గుమ్మం ముందు కనబడేది నాలుగో వంతు కూడా కాదు. నా మూడు పిట్టలు పన్నెండై ఉండవచ్చు. మా వీధిలో పిల్లులున్న ఇళ్ళు ఎన్నో వేళ్ళ మీద లెక్కపెట్టి మధ్యలో ఆపేశాను.

పెద్ద లెక్కలు ఇంకా భయపెడతాయి. ఇంట్లో కట్టిపడేయని పిల్లులు అమెరికాలో ఏడాదికి 130 కోట్ల నుంచి 400 కోట్ల దాకా పక్షులను చంపుతున్నాయని 2013లో వెలువడిన అంచనా. ఈ అంకె పట్టుకుని పిల్లులన్నీ రాక్షసులని రాసేవాళ్ళున్నారు. అదే పరిశోధనలో ఉన్న ఇంకో మాటను వాళ్ళు వదిలేస్తారు. చచ్చిన పక్షుల్లో మూడింట రెండు వంతులు యజమాని లేని పిల్లుల ఖాతాలోవే. ఇక్కడే మన పరిస్థితి వేరు. అక్కడ పెంపుడు పిల్లి, వీధి పిల్లి అని గీత గీయగలరు. మా వీధిలో ఆ గీత ఎక్కడ గీస్తారు? మూల మీద కొట్టు దగ్గర తెల్లమచ్చల పిల్లి ఒకటుంది. పొద్దున్న ఒక ఇంట్లో పాలు, మధ్యాహ్నం ఇంకొకరింట్లో చేపతల, రాత్రి కొట్టువాడు విసిరే బిస్కత్తు. అది అందరి పిల్లీ, ఎవరి పిల్లీ కాదు. దానికి టీకా వేయించాలన్నా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలన్నా ఎవరూ కదలరు. ఆడపిల్లి ఆరు నెలలు నిండకుండానే చూలు కట్టవచ్చు, తొమ్మిది వారాల్లో ఈనేస్తుంది. పిట్టల వైపు నుంచి చూస్తే మా పిక్కకు నేను చేసే సేవలన్నిటికన్నా ఆ తెల్లమచ్చలదానికి ఒక్క ఆపరేషన్ చేయించడం ఎక్కువ పని చేస్తుంది. ఈ మాట వీధిలో అంటే అందరూ తలూపారు. డబ్బు దగ్గర చూపులు పక్కకు తిరిగాయి. చివరికి మావుసి, నేను చెరి సగం వేసుకున్నాం.

పిల్లుల వల్ల పక్షిజాతులే అంతరించాయి కదా అని అడుగుతారు. నిజమే. ప్రపంచంలో 63 జాతుల జంతువులు, పక్షులు అంతరించడంలో పిల్లికి చేయి ఉందని లెక్క. కానీ వాటిలో చాలామటుకు దీవుల్లోవి. న్యూజిలాండ్ దగ్గర స్టీఫెన్స్ దీవిలో, పరుగెత్తడం తప్ప ఎగరడం రాని చిన్న పిట్ట ఒకటి ఉండేది. 1890ల్లో అక్కడ లైట్‌హౌస్ కట్టారు, దాంతోపాటు పిల్లీ వచ్చింది. కొద్ది ఏళ్ళలోనే ఆ పిట్ట లేకుండా పోయింది. లైట్‌హౌస్ కాపలాదారుడి పిల్లి ఒక్కటే ఆ జాతిని తుడిచిపెట్టిందని కథ చెబుతారు. తర్వాత పాత కాగితాలు తిరగేసినవాళ్ళు అది ఒక్క పిల్లి పని కాదని, దాని సంతానం దీవంతా పరుచుకుందని తేల్చారు. పిల్లి అంటే ఏమిటో తరతరాలుగా తెలియని పిట్టల మధ్యకు పిల్లిని తెచ్చి వదిలితే జరిగేది అదే.

మన పిట్టలకు పిల్లి కొత్త కాదు. చిలికా సరస్సు చుట్టూ తుంగపొదల్లో బావురుపిల్లి ఉంది. నీళ్ళలో దిగి చేపలు పట్టే పిల్లి అది, 2022లో వేసిన లెక్కలో చిలికాలో 176 తేలాయి. పొలాల గట్ల వెంట జంగపిల్లి తిరుగుతుంది. ఇక్కడి పిట్టలు వేల ఏళ్ళుగా వీటి మధ్యనే గుడ్లు పెట్టి పిల్లల్ని లేపుతున్నాయి. కనుక దీవి కథ తెచ్చి బరంపురానికి అతికించడం సరికాదు. అలాగని నిశ్చింతగా ఉండడానికీ లేదు. జంగపిల్లి తన తిండి తానే వెతుక్కోవాలి కాబట్టి ఒక దానికి ఎంతో మేర నేల కావాలి. పిట్టలు తగ్గితే దాని కడుపు మాడుతుంది, దాని పిల్లలూ తగ్గుతాయి. మా వీధి పిల్లులకు ఆ కట్టడి లేదు. పిట్టలు ఉన్నా పోయినా చేపతల వస్తూనే ఉంటుంది. అడవిలో ఒక్క పిల్లి బతికే జాగాలో ఇక్కడ పదిహేను బతుకుతున్నాయి. పిల్లి స్వభావంలో తేడా లేదు, లెక్కలో తేడా ఉంది. ఆ లెక్క పెంచింది మన గిన్నెలు.

ఏ పిట్టకు ఎంత ముప్పు అన్నది కూడా ఒకటే కాదు. మాకు కూతవేటు దూరంలో, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో చింతచెట్ల నిండా నత్తగుల్ల కొంగలు గూళ్ళు కడతాయి. ఊరివాళ్ళు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. సైబీరియా నుంచి వస్తాయని చెబుతారు, పేపర్లూ అదే రాస్తాయి. ఆ కొంగ అసలు సైబీరియా ముఖమే చూడదు. మన దేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ వానను, నత్తలను వెతుక్కుంటూ తిరిగే పక్షి అది. సైబీరియా, మధ్య ఆసియా వైపు నుంచి చలికాలం చిలికాకు వచ్చే బాతులు, ఉల్లంకులు వేరే. ఏదేమైనా చింతచెట్టు చిటారున ఉన్న కొంగకు ఇంటిపిల్లి ఏమీ చేయలేదు. దాని గొడవల్లా చెట్టు నిలబడుతుందా లేదా అన్నదే. పిల్లి చేతికి చిక్కేవి నేల మీద గింజలేరుకునేవి, మనిషి ఎత్తులో గూడు కట్టేవి, ఎగరడం ఇంకా నేర్చుకుంటున్న పిల్లలు.

మా పెరట్లో పెద్ద నేరేడు చెట్టు ఉండేది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి వేళ్ళతో సహా పడిపోయింది. మిగిలినవి మందార, కరివేపాకు, గోడవార క్రోటన్లు. పికిలిపిట్ట ఎలాగూ ఆ ఎత్తులోనే కడుతుంది గూడు. కాకపోతే ఒకప్పుడు పిల్లలు గూట్లోంచి దిగగానే నేరేడు కొమ్మల్లోకి ఎగబాకేవి. ఇప్పుడు మందార దాటితే సిమెంటు నేల.

పిచ్చుకల మాట కూడా ఒకసారి చెప్పుకోవాలి, ఎందుకంటే మా వీధిలో పిచ్చుకలు తగ్గిన పాపం కూడా పిల్లుల నెత్తినే పడుతోంది, పిల్లులు కాకపోతే సెల్ టవర్ల నెత్తిన. దేశం మొత్తం మీద చూస్తే పిచ్చుకలు పెద్దగా తగ్గలేదని, మహానగరాల్లో మాత్రం తగ్గాయని 2020లో వచ్చిన భారత పక్షుల స్థితిగతుల నివేదిక చెప్పింది. మా వీధిలో నేను చూసిందైతే ఇది: పెంకుటిళ్ళు పోయి స్లాబులొచ్చాయి. వాసాల సందులు లేవు, బియ్యం చెరిగే అరుగులు లేవు. పిల్లకు పెట్టడానికి పురుగు దొరికే మట్టినేల లేదు. పిల్లులు అప్పుడూ ఉన్నాయి.

పిట్టలు చెప్పే కబురు

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతికి వస్తాను. పిల్లిని పెంచడం వల్ల నేను పిట్టల్ని చూడడం మానలేదు సరికదా, వినడం నేర్చుకున్నాను.

పిక్క పెరట్లోకి అడుగు పెట్టగానే మొదట కూసేది ఉడుత. "చిక్, చిక్, చిక్" అని తోక విదిలిస్తూ ఆపకుండా మొదలెడుతుంది. దాని వెనక పికిలిపిట్టలు. మామూలప్పుడు తియ్యగా మాట్లాడే పిట్ట, పిల్లిని చూస్తే గొంతు గీసుకుపోయినట్టు అరుస్తుంది. అటు తర్వాత మట్టిరంగు పిట్టల దండు దిగుతుంది. ఏడెనిమిది ఎప్పుడూ కలిసి తిరుగుతాయి కదా, హిందీవాళ్ళు సాత్ భాయ్ అంటారే, అవి. పిక్క నెత్తికి రెండు బారల ఎత్తున కొమ్మ మీద వరసగా కూర్చుని, రేషన్ కొట్టు దగ్గర క్యూలో ఎవరో మధ్యలో దూరితే లేచే గోల చేస్తాయి. పిక్క కాసేపు ఏమీ ఎరగనట్టు ఒళ్ళు నాకుతుంది. చివరికి తోక ముడుచుకుని లోపలికొచ్చేస్తుంది.

అదే పెరటి మీదుగా జాలెడేగ వెళ్తే ఏమవుతుందో గమనించండి. గోల ఉండదు. సన్నటి, దూది దారంలాంటి "సీఈ" ఒకటి వినబడుతుంది, ఎటు నుంచి వచ్చిందో కూడా తెలియదు. ఆ తర్వాత పెరడంతా నిశ్శబ్దం. ఎక్కడివక్కడ ఆకుల్లో బిగుసుకుపోతాయి.

ఒకే పిట్టకు రెండు శత్రువుల మీద రెండు అరుపులు ఎందుకు? 1955లో పీటర్ మార్లర్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని విడదీసి చెప్పాడు. ఒక శబ్దం ఎటు నుంచి వచ్చిందో చెవి పట్టుకునేది అది రెండు చెవులకూ చేరడంలోని తేడాను బట్టి. ఠక్కున మొదలై, గరగరలాడుతూ, సన్నవీ లావువీ స్వరాలు కలగలిసిన అరుపైతే చోటు ఇట్టే తెలిసిపోతుంది. నెమ్మదిగా మొదలై, ఒకే సన్నటి స్వరంలో సాగి, నెమ్మదిగా ఆగిపోయేదైతే చోటు పట్టుకోవడం కష్టం. డేగ గాలిలో క్షణంలో మీద పడుతుంది. దాని విషయంలో ప్రమాదం అని మిగతావాటికి చెప్పాలి గానీ తానెక్కడుందో బయటపడకూడదు. పిల్లి సంగతి తిరగబడింది. పిల్లి బలమంతా కనబడకుండా పొంచడంలో ఉంది. అది కనబడిందా, దాని ఆట కట్టు. కాబట్టి ఇక్కడ గోల చేయాలి. నేనున్నది ఇక్కడ, పిల్లి ఉన్నది అక్కడ, అందరూ రండి, చూడండి అని ఊరంతా చాటాలి. ఆ గోల పిల్లికి కూడా ఒక కబురే: నిన్ను చూసేశాం, ఇక శ్రమ పడకు.

ఈ తేడా చెవికి పట్టాక నేను వంటింట్లో ఉండి కూడా పెరట్లో ఏముందో చెప్పగలుగుతున్నాను. ఒకరోజు అదే పిల్లి గోల వినబడింది. తీరా చూస్తే పిక్క నా కాళ్ళ దగ్గరే ఉంది. బయటికి పోయి చూశాను. జెముడుకాకి మందార గుబురులో దూరి గూడు వెతుకుతోంది. గుడ్లనూ పసిపిల్లల్నూ పొట్టనబెట్టుకోవడంలో అది ఏ పిల్లికీ తీసిపోదు. కాకి కూడా అంతే. పిక్క లేకపోతే మా పెరట్లో పిట్టలన్నీ సుఖంగా పెరిగి పెద్దవవుతాయనే భ్రమ నాకు ఆ రోజుతో తీరింది. అయితే జెముడుకాకికి నేను తిండి పెట్టడం లేదు, దాని తలుపు నా చేతిలో లేదు.

మెడలో గంట సంగతి

పిల్లి మెడలో గంట కట్టేదెవరు అన్నది ఎలుకల సభలో ప్రశ్న. కట్టడం తేలికే, అది పనిచేస్తుందా అన్నదే తేలదు. బ్రిటన్‌లో 2005లో చూస్తే గంట కట్టిన పిల్లులు తెచ్చే పక్షులు 41 శాతం తగ్గాయి. నేను పైన చెప్పిన 2021 పరిశోధనలో గంట వల్ల చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పిల్లి గంట మోగకుండా నడవడం నేర్చుకుంటుందని కొందరి అనుమానం. పిక్క మువ్వతో ఎలా నడుస్తుందో చూశాక నేనూ ఆ పక్షమే.

అదే పరిశోధనలో ఇంకొకటి పనిచేసింది. మెడ చుట్టూ కొట్టొచ్చే రంగుల బట్ట పట్టీ. దానివల్ల పక్షుల వేట 42 శాతం తగ్గింది, ఎలుకల వేట మాత్రం తగ్గలేదు. కారణం కళ్ళలో ఉంది. పిట్టలు రంగులను మనకన్నా బాగా చూస్తాయి. ఎలుకకు ఎరుపు పసుపుల తేడా అంతగా అందదు. బియ్యం బస్తాలున్న కొంపకు ఇంతకన్నా ఏం కావాలి? అమ్మ తన పాత బరంపురం పట్టుచీర అంచు కత్తిరించి, ఎరుపు మీద పసుపు వచ్చేలా కుచ్చెళ్ళు పెట్టి పట్టీ కుట్టింది. కట్టు దగ్గర మాత్రం ఒంటిపోగుతో రెండే కుట్లు వేయించాను. కొమ్మకో గ్రిల్‌కో తగులుకుంటే తెగిపోవాలి, లేదంటే పిల్లికి అదే ఉరితాడవుతుంది. పెళ్ళిపెద్దలా తయారైన పిక్క మొదటి రెండు రోజులు అలిగి మంచం దిగలేదు. ఇప్పటికి మూడు పట్టీలు తెగ్గొట్టుకుంది.

వీటన్నిటికన్నా తలుపు ఎక్కువ పనిచేస్తుంది. పిట్టలు కిందికి దిగి మేసేది తెల్లవారిన మొదటి రెండు గంటలు, పొద్దుగూకే ముందు గంట. పిల్లికి వేట మీద మనసు పుట్టేదీ సరిగ్గా ఆ వేళల్లోనే. ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా, అంటే మా పెరట్లో గూళ్ళుండే కాలమంతా, ఆ వేళల్లో పిక్కను లోపలే ఉంచుతాను. ఆ టైములో తాడుకు కట్టిన కాకి ఈకతో ఆడిస్తే అది వగరుస్తూ పడిపోతుంది, తర్వాత తిండి, తర్వాత నిద్ర. నీళ్ళ మూకుడును గుబురు పక్క నుంచి తీసి మేడ మీద ఆరుబయట పెట్టాను. పిల్లి పొంచడానికి చాటు దొరక్కూడదు, చుట్టూ రెండు బారలైనా ఖాళీ ఉండాలి. కొబ్బరిచెట్టుకు ఎలుకలు ఎక్కకుండా చుట్టే రేకును కరివేపాకు మొదలుకు కూడా చుట్టాం. నేల మీద పిట్టపిల్ల కనబడితే ఇదివరకులా కంగారుపడి ఇంట్లోకి తేవడం మానేశాను. ఈకలొచ్చి గెంతుతున్న పిల్ల తప్పిపోయింది కాదు, తల్లి చుట్టుపక్కలే ఉండి మేత పెడుతుంటుంది. దాన్ని గుబురు మీదికి ఎక్కించి పిల్లిని లోపలేస్తే చాలు. మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరకు రానివ్వదన్నది ఉత్త మాట.

పిల్లి నోటబడి బతికిన పిట్ట సంగతి వేరు. పైకి చుక్క నెత్తురు కనబడకపోయినా, పిల్లి కోరల మీద ఉండే సూక్ష్మజీవులు దాన్ని ఒకటి రెండు రోజుల్లో చంపేయవచ్చు. చెప్పుల డబ్బాకు చిల్లులు పెట్టి, చీకట్లో, చప్పుడు లేనిచోట ఉంచి, నోట్లో నీళ్ళు పోయకుండా, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి. తేనెపిట్టను నేను అలా తీసుకుపోలేదు. కాసేపటికి తేరుకుని ఎగిరిపోయింది కదా అని సంతోషించాను. మర్నాడు నీళ్ళ తొట్టి వెనక చీమలు పట్టి కనిపించింది.

ఈ ఏడాది మందారలో పికిలిపిట్ట రెండుసార్లు పిల్లల్ని లేపింది. పట్టా మీదికి వచ్చినవి బల్లులు, రెండు ఎలుకలు, ఒక చెప్పు. చెప్పు ఎవరిదో ఇంకా తేలలేదు. మొన్న సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తున్నాను. కింద పెరట్లో పికిలిపిట్టలు గొంతు చించుకోవడం మొదలెట్టాయి. నేను మెట్ల వైపు తిరిగేలోపే గోడ అవతల, చేతిలో చేట, కళ్ళు ఏరుతున్న బియ్యం మీద, తల కూడా ఎత్తకుండా మావుసి కేకేసింది:

"మా, బిలెయి బాహారిలాణి!"

అమ్మాయీ, పిల్లి బయటికొచ్చేసింది అని. పిక్కను ఆవిడ చూడనే లేదు.